ఆదరణ లేక వెళ్లిపోయిందనడం న్యాయం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ క్రీడాపుటలో హైదరాబాద్ ఎఫ్‌సీ గురించి వచ్చిన వ్యాసం చదివాను. 2019లో ఈ ఊరి పేరుతో మొదలై, 2025లో ఢిల్లీకి వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకున్న ఫుట్‌బాల్ జట్టు కథ అది. కప్పు గెలిచిన సంగతి రాశారు, ఫొటో వేశారు, సంతోషం. చివర్లో మాత్రం ప్రేక్షకాదరణ కొరవడడంతో జట్టు తరలిపోయిందని ఒక్క వాక్యంలో తేల్చేశారు. 2023–24 సీజన్‌కైతే ‘అవమానకరం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. ఈ రెంటి మీదా నాకు అభ్యంతరం ఉంది. ఉత్తరం కాస్త పొడుగవుతుంది, కత్తిరించేటప్పుడు దయచేసి అంకెల జోలికి వెళ్లకండి.

నేను అల్వాల్‌లో ఉంటాను. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యాను. ఆడపిల్లలకు ఖోఖో, కబడ్డీ నేర్పడం ఉద్యోగం, ఫుట్‌బాల్ చూడడం నా సొంత పిచ్చి. మీరు లేదంటున్న ఆ ఆదరణలో నా వంతూ కొంత ఉంది కనుక జవాబు చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను.

ముందు ఒక లెక్క చూద్దాం. ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ పేరుతో ఆ జట్టు ఆడింది ఆరు సీజన్లు. మొదటిది 2019–20. పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో హడావిడిగా తయారైన జట్టు అది. తొలి మ్యాచ్‌లో కోల్‌కతాలో ఏటీకే చేతిలో 0–5తో ఓడింది. నవంబరు 2న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో తొలి సొంతగడ్డ మ్యాచ్ ఆడి, మొదట గోల్ ఇచ్చి కూడా కేరళ బ్లాస్టర్స్‌ను 2–1తో ఓడించింది. మార్సెలీనో కొట్టిన ఫ్రీ కిక్ వలలో పడ్డప్పుడు నా పక్క సీట్లో ముక్కూమొహం తెలియని పెద్దాయన లేచి నాకు నమస్కారం పెట్టాడు. ఎందుకో ఆయనకే తెలియదు. ఆ ఏడాది జట్టు చేసిందల్లా దాదాపు అంతే. 18 మ్యాచ్‌లలో 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు.

తర్వాత కరోనా వచ్చింది. 2020–21, 2021–22 సీజన్లు మొత్తం గోవాలోనే జరిగాయి. ఆటగాళ్లను హోటళ్లలో ఉంచి, ఖాళీ స్టేడియాల్లో ఆడించారు. హైదరాబాద్ కప్పు గెలిచింది ఆ రెండో సీజన్‌లోనే. స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్, 18 గోల్స్ కొట్టిన నైజీరియా ఫార్వర్డ్ ఓగ్బెచే, లీగ్ దశలో 38 పాయింట్లతో రెండో స్థానం. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్, ప్రత్యర్థి మళ్లీ కేరళే. ఫైనల్‌కు మాత్రం ప్రేక్షకులను రానిచ్చారు. గ్యాలరీలో ఎటు చూసినా పసుపు రంగు చొక్కాలే. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్ కొట్టాడు. 2019లో గచ్చిబౌలిలో మన మీద ముందుగా గోల్ కొట్టిన కుర్రాడు కూడా అతనే. ఇక అయిపోయిందనుకుంటుండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి గోల్‌లోకి దూసుకెళ్లింది. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 3–1. మా ఇంట్లో టీవీ ముందు నేనూ, పక్కింటివాళ్ల అబ్బాయీ కలిసి వేసిన కేకలకు మావారు మేడ మీది నుంచి దిగొచ్చారు.

మీ విలేకరి గమనించని విషయం ఇక్కడే ఉంది. కప్పు గెలిచిన ఆ ఏడాది జట్టు హైదరాబాద్ నేల మీద ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. అంతకుముందు ఏడాదీ అంతే. జట్టు ఎదిగిన కాలమంతా ఊరి కంటికి కనబడకుండా గడిచిపోయింది. ఫైనల్ మొదలుపెట్టిన పదకొండు మందిలో తెలుగు కుర్రాడు ఒక్కడూ లేడు. గోవా, మణిపూర్, సిక్కిం, బెంగాల్ కుర్రాళ్లూ, విదేశీయులూ ఉన్నారు. అది వాళ్ల తప్పు కాదు, వాళ్లను నేను మనవాళ్లనే అనుకున్నాను. కానీ ఊళ్లో ఆడని, ఊరి పిల్లలు లేని జట్టుకు జనం ఎక్కడ అలవాటు పడతారు? రెండేళ్ల అజ్ఞాతవాసం తర్వాత తిరిగొచ్చిన జట్టును గుర్తుపట్టడానికే కొంత కాలం పడుతుంది కదా.

అయినా 2022–23లో జనం వచ్చారు. ఆ సీజన్‌లో జట్టు 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానంలో నిలిచింది. జట్టు అభిమాన సంఘం దక్కన్ లీజియన్ పిల్లలు డప్పులు పట్టుకుని గోల్‌పోస్టు వెనుక గ్యాలరీలో చేరేవారు. మ్యాచ్ మొదలయ్యేసరికే వాళ్ల గొంతులు సగం పోయేవి. కేరళ జట్టు వచ్చిన రోజైతే ఐటీ కంపెనీల మలయాళీలు పసుపు చొక్కాలు వేసుకుని సగం స్టేడియం ఆక్రమించేవారు. మావాళ్లకు ఒళ్లు మండేది గానీ, నాకు మాత్రం అదే అసలు ఫుట్‌బాల్ అనిపించేది. మార్చి 9న మోహన్ బగాన్‌తో సెమీఫైనల్ తొలి అంచె ఇక్కడే గోల్స్ లేకుండా ముగిసింది. కోల్‌కతాలో రెండో అంచె కూడా 0–0 కావడంతో పెనాల్టీల్లో ఓడిపోయాం.

ఆదరణ మాట ఎత్తారు కాబట్టి దారి సంగతి కూడా చెప్పాలి. ఈ ఊళ్లో ఫుట్‌బాల్ తెలిసిన బస్తీలు ఎక్కడున్నాయి? బొల్లారం, తిరుమలగిరి, లాలాగూడ, అల్వాల్, పాతబస్తీ. స్టేడియమేమో పడమటి కొసన, ఆఫీసు అద్దాల భవనాల మధ్య. నేను అల్వాల్ నుంచి బస్సులో పరేడ్ గ్రౌండ్ వరకు వెళ్లి, అక్కడ మెట్రో ఎక్కి చివరి స్టేషన్ రాయదుర్గంలో దిగి, మళ్లీ ఆటో పట్టుకుంటే స్టేడియం వస్తుంది. ఆట మొదలయ్యేది రాత్రి 7.30కి, ముగిసేది 9.30కి. ఆ వేళకు స్టేడియం బయట ఆటోవాలా చెప్పే రేటు టికెట్టు ధరను మించేది. పరేడ్ గ్రౌండ్ దగ్గర దిగాక బస్సు దొరికితే అదృష్టం. మర్నాడు బడికి వెళ్లాల్సిన పిల్లలను వెంట తీసుకెళ్లే తల్లిదండ్రులు ఎంతమంది ఉంటారు? బొల్లారం కుర్రాడు మ్యాచ్‌కు రాలేదంటే అతనికి ఆటంటే ఇష్టం లేదని రాయడం మీకు తేలిక. ఒక్క సాయంత్రం ఆ దారిన వెళ్లి రాయండి.

ఇక మీరు అవమానకరమన్న 2023–24 సీజన్. అంకెలు నేనే చెబుతాను, దాచాల్సిన పనేమీ లేదు. 12 జట్లలో 12వ స్థానం. 22 మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, 5 డ్రాలు, 16 ఓటములు, 8 పాయింట్లు. మీ విలేకరి అంకెలు చూసి ఆగిపోయారు.

మార్కెజ్ గోవా జట్టుకు వెళ్లిపోయారు. ఓగ్బెచే కూడా లేడు. పాత బకాయిలు చెల్లించనందుకు కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం విధించింది. జీతాలు అందడం లేదన్న వార్తలు సీజన్ పొడుగునా వస్తూనే ఉన్నాయి, మీ పత్రికలో కూడా ఓ మూల చదివాను. ఐర్లాండ్ నుంచి వచ్చిన కోచ్ మధ్యలోనే వెళ్లిపోయారు. జనవరిలో ఆటగాళ్లు ఒక్కొక్కరే బయటపడ్డారు. వాళ్లను తప్పుపట్టను, జీతం లేకుండా ఎవరు పనిచేస్తారు? విదేశీయుల్లో మిగిలింది బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ జొవావ్ విక్టర్ ఒక్కడే, 2022 ఫైనల్ ఆడినవాడే. కోచ్ బాధ్యత మణిపూర్‌కు చెందిన థాంగ్‌బోయ్ సింగ్టో మీద పడింది. ఆయన చేతిలో ఉన్నది రిజర్వు జట్టు కుర్రాళ్లు. వాళ్లలో చాలామందికి ఈ స్థాయి ఆట అదే మొదలు.

జోన్ పోటీలకు పదో తరగతి పిల్లలు పరీక్షలని మానేస్తే ఎనిమిదో తరగతి వాళ్లను తీసుకెళ్లిన రోజులు నాకు గుర్తొచ్చేవి. వాళ్లు ఓడతారని తీసుకెళ్లేవారికీ తెలుసు, వాళ్లకూ తెలుసు. అయినా బూట్ల లేసులు బిగించుకుంటారు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి నేను గచ్చిబౌలిలో కింది గ్యాలరీలో కూర్చున్నాను. జనం ఎంత పలచగా ఉన్నారంటే, మైదానంలో ఆటగాళ్ల మాటలు వినిపించాయి. బంతి నా ముందు నుంచే బయటికొచ్చింది. త్రో వేయడానికి వచ్చిన కుర్రాడికి మీసం ఇంకా సరిగా రాలేదు. మంచుకు తడిసిన బంతిని జెర్సీ కింది అంచుతో తుడిచాడు, తిప్పి మళ్లీ తుడిచాడు. ముందున్నవాళ్లెవరూ ఖాళీగా లేరు. వెనక్కి వేయమని గోల్‌కీపర్ హిందీలో అరుస్తున్నాడు. ఇతను వెనక్కి వేయలేదు. ముందుకే విసిరాడు, బంతి పోయింది, దాని వెంట తానే పరుగెత్తి అడ్డుపడి కార్నర్‌కు పంపాడు. లేచేసరికి పిక్క పట్టేసింది. తోటివాడు వచ్చి పాదం పట్టుకుని వేళ్లను వెనక్కి వంచాడు. ఆ మ్యాచ్ ఓడిపోయాం. పైన కూర్చున్న ఓ పదిమంది చివరిదాకా చప్పట్లు కొట్టారు. నేనైతే ఆ కుర్రాడి దగ్గర అవమానమేదీ చూడలేదు. అవమానం అన్న మాట వాడాలంటే అది అతనికి జీతం ఇవ్వాల్సినవాళ్లకు వాడాలి.

ఇంకో సంగతి. మన లీగ్‌లో అప్పటికి ఓడినవాళ్లు కింది డివిజన్‌కు దిగిపోయే పద్ధతి లేదు. ఇంగ్లండ్‌లోనో స్పెయిన్‌లోనో అయితే అట్టడుగు జట్టు కిందికి పోకుండా ఉండడానికి పోరాడుతుంది. ఇక్కడ 12వ స్థానమైనా 9వ స్థానమైనా ఒకటే. జీతం లేదు, స్థానం కోసం పోటీ లేదు, సగం సీజన్‌కే ప్లే ఆఫ్ ఆశ లేదు. అయినా 22 మ్యాచ్‌లూ ఆడారు. మధ్యలో జట్టు చేతులెత్తేస్తుందేమో అని అందరికీ భయం ఉండేది. మార్చిలో చెన్నై వెళ్లి అక్కడి చెన్నైయిన్ జట్టును వాళ్ల సొంతగడ్డ మీదే ఓడించి వచ్చారు. సీజన్ మొత్తంలో ఒకే ఒక్క గెలుపు. మర్నాడు మీ క్రీడాపుట మొత్తం వెతికాను, ఒక్క లైనైనా లేదు. మొదటి గెలుపు కదా, ఒక్క లైను వేయాల్సింది.

అదే సీజన్ పైభాగం సంగతి అందరికీ తెలుసు. చివరి లీగ్ మ్యాచ్‌లో ముంబైని ఓడించి మోహన్ బగాన్ 48 పాయింట్లతో, లీగ్ దశలో మొదటి స్థానానికిచ్చే షీల్డు ఎగరేసుకుపోయింది, మే 4న అదే మైదానంలో ముంబై 3–1తో కప్పు పట్టుకుపోయి బాకీ తీర్చుకుంది. వాటికి మీరు ఫొటోలు వేశారు. వేయాల్సిందే. కానీ అదే వసంతంలో హైదరాబాద్‌కు సంబంధించిన మరో పెద్ద విషయం జరిగింది. సూపర్ లీగ్‌కు కింది స్థాయి లీగ్ అయిన ఐ-లీగ్‌లో అప్పుడు ఆడిన శ్రీనిధి దక్కన్ మొయినాబాద్ దారిలోని అజీజ్‌నగర్‌లో సొంత మైదానం ఉన్న జట్టు. 2022–23లో రెండో స్థానం, 2023–24లో మళ్లీ రెండో స్థానం. మొదటి స్థానంలో నిలిచిన జట్టు సూపర్ లీగ్‌కు వెళుతుంది. ముందు ఏడాది పంజాబ్ వెళ్లింది, ఆ ఏడాది కోల్‌కతా మహమ్మదన్ స్పోర్టింగ్ వెళ్లింది. అంటే ఒక హైదరాబాద్ జట్టు పై లీగ్‌లో అడుగున పడి ఉన్న రోజుల్లోనే, మరో హైదరాబాద్ జట్టు ఆ లీగ్ గుమ్మం దాకా వెళ్లి ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయింది. ఆదరణ లేని ఊరికి రెండు జట్లెందుకు వస్తాయి సార్? ఆ సంగతి మీ పాఠకులకు మీరు చెప్పనేలేదు. తెలియనిదాన్ని జనం ఎలా ఆదరిస్తారు?

2024 సెప్టెంబరులో భారత జట్టు కూడా గచ్చిబౌలికి వచ్చింది. మారిషస్‌తో 0–0, సిరియాతో 0–3. నవంబరులో మళ్లీ వచ్చి మలేసియాతో 1–1. కోచ్ ఎవరనుకున్నారు, మన మార్కెజే. గోవా ఖాళీ స్టేడియాల్లో మనకు కప్పు తెచ్చిన మనిషి, దేశం జట్టును తీసుకుని మన స్టేడియంలో సైడ్‌లైన్ దగ్గర నిలబడ్డాడు. ఆయన్ను అక్కడ చూసి నాకు సంతోషం, కడుపుమంట రెండూ కలిగాయి.

2024–25 గురించి ఎక్కువ చెప్పను. యాజమాన్యం మారింది, 13 జట్లలో 12వ స్థానం, 18 పాయింట్లు. గ్యాలరీలు ఖాళీగా ఉన్నమాట నిజమే, కళ్లారా చూశాను. కానీ ఏది ముందు జరిగిందో చూడండి. జట్టు చెదిరాకనే జనం చెదిరారు. ఢిల్లీకి ఎందుకు వెళ్లారో యాజమాన్యం చెప్పాలి. వాళ్లు చెప్పాల్సిన కారణాన్ని ఊరి మీదికి నెట్టి మీరు రాయకూడదు.

పాతకాలపు కోచ్ రహీం సాహెబ్ పేరు ఎత్తకుండా ఈ ఉత్తరం ముగిద్దామనుకున్నాను. ఈ ఊళ్లో ఫుట్‌బాల్ గురించి ఎవరు మాట్లాడినా హైదరాబాద్ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలవడం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు బంగారు పతకం చెప్పి, కళ్లు తుడుచుకుని ఇంటికి వెళతారు. నాకు విసుగు. కానీ ఒక్క పేరు చెప్పక తప్పదు. జకార్తా జట్టులో ఉన్న తులసీదాస్ బలరాం మా అల్వాల్‌కు పక్కనే ఉన్న అమ్ముగూడలో పుట్టాడు. ఆడడానికి 1957లో కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు, ఆ రాష్ట్రంలోనే ఉండిపోయాడు, 2023 ఫిబ్రవరిలో అక్కడే పోయాడు. ఇప్పుడు నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య ఆడుతున్నది కూడా ఈస్ట్ బెంగాల్‌కే. 2024–25లో ఆ జట్టు జాతీయ మహిళా లీగ్ గెలిచింది, ఆ ఏడాది దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఎంపిక చేసింది. దాదాపు 70 ఏళ్ల తేడాతో ఇద్దరూ ఒకే రైలెక్కారు. నా దగ్గర చదివిన పిల్లల్లో బంతిని కాలితో ఆపగానే తల ఎత్తి చుట్టూ చూసే పిల్ల ఒకతి ఉండేది. ఆ చూపు నేర్పితే వచ్చేది కాదు. ఎక్కడ ఆడించాలో నాకు తెలియలేదు, ఖోఖోలో వేశాను. ఆ పిల్ల ఇప్పుడు మల్కాజిగిరిలో ఓ మందుల షాపులో పనిచేస్తోంది, కనబడితే టీచర్ అని పిలిచి చిల్లర సరిగా లెక్కపెట్టి ఇస్తుంది.

మీ పత్రికను నేను కోరేది పెద్దదేమీ కాదు. క్రికెట్‌కు ఇచ్చే చోటు తగ్గించమనడం లేదు. వారానికి ఒకసారి, ఏ వారమైనా సరే, తన లీగ్‌లో శ్రీనిధి ఎన్నో స్థానంలో ఉందో, జాతీయ మహిళా లీగ్‌లో సౌమ్య జట్టు ఎలా ఆడిందో, మన ఊరి లీగ్‌లో ఎవరు గెలిచారో నాలుగు లైన్లు వేయండి. స్కోరు, మైదానం పేరు, మ్యాచ్ ఏ వేళకో ఉంటే చాలు. దారి మేం వెతుక్కుంటాం. ఇంకొకటి, విజేతల జాబితా ఎప్పుడైనా వేస్తే 2021–22 ఎదురుగా హైదరాబాద్ అనే ఉంచండి. కొత్త యజమానులు, కొత్త పేరు అని దాన్ని ఢిల్లీగా దిద్దకండి.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు,
అల్వాల్, సికింద్రాబాద్